రాయని కొలత

జనవరి 9

మేనేజరు పిలిచారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు, బట్టలకి పండ్ల రసం అంటి ఉంది.

రసం చిక్కదనం కొలవడానికి కొత్త మిషను కొంటారట. రెండు రకాలు తెప్పించి, రసం మరిగించే పాన్ దగ్గర పెట్టి చూసి, ఒకటి ఉంచుకుంటారు. ఎంచే పని ల్యాబ్ అమ్మాయికి ఇచ్చారు. ఆమె వచ్చి నాలుగు నెలలయింది. ఆరు నెలలకి ఉంచుకోవాలా వద్దా అనేది ఈ పని బట్టే చూస్తామని ఆమె ఎదురుగానే అన్నారు. ఆ అమ్మాయి తల ఊపింది.

"పెద్దాయనా, ఇక మీ గాజు గొట్టానికి రెస్టు. మీక్కూడా" అని నవ్వారు మేనేజరు.

నేనూ నవ్వాననుకుంటాను.

మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి వెనకే వచ్చింది. "బాబాయ్, మీరు నా పక్కనుండాలి. పుస్తకంలో ఉన్నది నాకు తెలుసు. పాన్ సంగతి మీకే తెలుసు" అంది.

ఊఁ అన్నాను.

గొట్టం చూసి చెప్పేవాడు వేరే లేడని, రిటైరయ్యాక కూడా నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్నారు. ఇది నాలుగో ఏడు.

జనవరి 11

ఆ అమ్మాయికి నా పని చూపించాను. పంపు దాటాక ఉన్న కుళాయి తిప్పి పొడుగు స్టీలు జాడీలో రసం పట్టాను. గొట్టం వదిలాను. రసం చిక్కబడేకొద్దీ గొట్టం పైకి తేలుతుంది, మెడ మీద గీత చూసి చెప్పాలి. వేడి ఎంతుందో చూసి దానికి తగ్గట్టు అంకెకి కొంత కలుపుకోవాలి. అరవై అయిదు వస్తే పాన్ దించేయాలి. ఆమె దాన్ని సాంద్రత అంటుంది. మేం చిక్కదనం అంటాం.

పొద్దున పాన్ నిండుగా ఉంది. రసం నిగనిగలాడుతూ వచ్చింది. వెంటనే చూసి చెప్పాను.

సాయంత్రం పాన్‌లో రసం ఇంకి అడుగుకి వచ్చింది. అప్పుడు పట్టింది తెల్లగా, పాలు కలిపినట్టు వచ్చింది. జాడీని బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. నురగ పైకి తేరడానికి పావుగంట పడుతుంది. తేరాక గరిటెతో తీసేసి, అప్పుడు గొట్టం వదిలాను.

"ఇందాక వెంటనే చూశారు కదా. ఇప్పుడెందుకు ఆగారు బాబాయ్?"

"అలవాటు" అన్నాను.

ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది.

జనవరి 12

అలవాటు కాదు. కానీ పంపు మోతలో ఏం చెప్తాం. చెప్పినా వినపడదు.

జనవరి 16

మిషన్లు వచ్చాయి. టై కట్టుకున్న ఒకాయన కూడా వచ్చాడు. ఆయన బూట్లకి పాకం అంటుకుని, నడిచినప్పుడల్లా చప్పుడు చేస్తున్నాయి.

మొదటిది అద్దం మిషను. రసానికి ఆనుకుని చిన్న అద్దం ఉంటుంది, లోపల్నించి వెలుగు వేస్తుంది. వెలుగు ఎంత వంగిందో చూసి చిక్కదనం చెప్తుంది. కాకపోతే రసంలో పిప్పి అద్దానికి పట్టేస్తుంది, పాన్ పాన్‌కీ కడగాలి.

రెండోది రసం పోయే పైపులోనే బిగిస్తారు. లోపల సన్నటి గొట్టం గజగజ వణుకుతూ ఉంటుందట. రసం బరువెక్కితే వణుకు నెమ్మదిస్తుంది. దాన్నిబట్టి బోర్డు మీద ఎర్ర అంకె పడుతుంది. కడిగే పని లేదు.

పాన్ మేస్త్రి గుండు దాని మీద చెయ్యి పెట్టి చూశాడు. "చలిజ్వరం వచ్చినోడిలా ఉందే బావా! కంబళి కప్పమంటావా?" అన్నాడు. టై ఆయన నవ్వలేదు. మేమందరం నవ్వాం.

పంపు దాటాక, నా కుళాయి పక్కనే బిగించారు. అక్కడైతే చెయ్యి అందుతుందని.

అంకె పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. అబద్ధమెందుకు, ముచ్చటేసింది. నా గొట్టంతో ఇన్నేళ్లు వంగి వంగి చూసిందంతా అక్కడ ఎర్రగా, పెద్దగా, ఎవరైనా చదివేలా ఉంది.

జనవరి 17

రోజుకి నాలుగుసార్లు పోల్చి చూడాలి. నేను రసం పట్టి గొట్టంతో చూసి చెప్పాలి, అదే నిమిషానికి బోర్డు మీద ఎంతుందో పక్కన రాయాలి. అద్దం మిషనుదీ అంతే. కాగితం మీద గళ్లు గీసి ఇచ్చింది ఆ అమ్మాయి.

"నాకు మధ్యాహ్నం నుంచి పైన సీసాల టెస్టులుంటాయి బాబాయ్. టైము మీ ఇష్టం, మీకు వీలైనప్పుడు తీయండి."

నాలుగూ పొద్దున్నే తీశాను. అన్నీ కలిశాయి.

జనవరి 18

నాలుగూ పొద్దున్నే. కలిశాయి.

జనవరి 19

కలిశాయి.

జనవరి 21

ఇవాళ సాయంత్రం పాన్ చివరికొచ్చాక ఒకటి తీశాను. ఎవరూ చెప్పలేదు. చూడాలనిపించింది.

కుళాయి తిప్పగానే రసం తెల్లగా వచ్చింది. బోర్డు మీద యాభై ఏడు. అద్దం మిషను అరవై మూడు. జాడీ బల్ల మీద పెట్టి పావుగంట ఆగి, నురగ తీసి చూశాను. నాదీ అరవై మూడే.

అనుకున్నదే. పాన్‌లో రసం తగ్గాక పంపు మెడ దగ్గర గాలి లాగుతుంది. సన్నగా ఈల వేస్తుంది కూడా. గాలి కలిస్తే రసం తేలికవుతుంది, వణికే గొట్టానికి అది పల్చటి రసంలా కనిపిస్తుంది. అద్దానికి నురగతో పని లేదు.

కాగితంలో రాయలేదు. షిఫ్టు అయిపోయింది.

జనవరి 22

కంచం ముందు కూర్చున్నాను. మా ఆవిడ వడ్డిస్తూ అడిగింది.

"ఆ మిషనొస్తే మిమ్మల్ని ఇంటికి పంపేస్తారా?"

"తెలీదు."

"పంపితే పంపనీండి. ఇంట్లో కూర్చుని కూరగాయలు తరగండి. నోరు పనిచేయకపోయినా చేతులు పనిచేస్తాయిగా."

అన్నం తిన్నాను.

"ఏమిటి, ఉలుకూ పలుకూ లేదు? మామూలుగా ఉండదనుకోండి, ఇవాళ మరీను."

ఉప్పు తక్కువైందన్నాను. రుచి చూసింది. సరిపోయిందంది. నిజమే, సరిపోయింది.

జనవరి 23

నాలుగూ పొద్దున్నే.

ఆ సాయంత్రం అంకె రాద్దామనే అనుకున్నాను. ఆ తేదీకి నాలుగు గళ్లూ నిండిపోయాయి. చోటు లేదు.

జనవరి 24

ఆ అమ్మాయి క్యాంటీన్లో నా పక్కన వచ్చి కూర్చుంది. నాకు ఎవరైనా పక్కన కూర్చుని చూస్తుంటే ముద్ద దిగదు. ఆమెకు ఆ సంగతి తెలుసు, అందుకే గోడవైపు చూస్తూ మాట్లాడుతుంది.

"రెండూ కరెక్టుగానే చెప్తున్నాయి బాబాయ్. అద్దానికి కడుగుడు ఎక్కువ. గుండు గారి వాళ్లు కడగరు, నాకు తెలుసు. అందుకని వణుకుడు గొట్టానికే రాస్తున్నా. తప్పంటారా?"

నమలడం ఆపాను.

"ఏదో ఒకటి అనండి. మీరు ఊఁ అంటే నాకు ధైర్యం. కాదన్నా పర్లేదు."

"నీ ఇష్టం తల్లీ" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆమె నవ్వి, "మీ నోట్లోంచి ఇన్ని మాటలు రావడమే ఎక్కువ" అని లేచింది. ప్లేటు కూడా నాది తీసుకెళ్లి కడిగే తొట్టిలో పెట్టింది.

జనవరి 27

మీటింగు. ఆరుగురు కూర్చున్నారు. తలుపు పక్కన నిలబడ్డాను. ఆ అమ్మాయి చక్కగా చెప్పింది.

"పెద్దాయనా, మీ మాట?" అన్నారు మేనేజరు. "ఇన్నేళ్ల చెయ్యి మీది. తేడా ఏమైనా కనిపించిందా?"

అందరూ నావైపు తిరిగారు. ఆరు మొహాలు ఒక్కసారి నావైపు తిరిగితే నాకు చెవులు మూసుకుపోతాయి. బడిలో లేచి నిలబడి పాఠం అప్పజెప్పమంటే కూడా ఇంతే. మాస్టారు బెత్తం ఎత్తినా నోరు పెగిలేది కాదు.

"తేడా లేదు" అన్నాను.

కాగితం ఇచ్చారు. అడుగున సంతకం పెట్టాను. కాగితంలో ఉన్నవాటికి తేడా లేదు కదా. అబద్ధం ఏముంది.

ఫిబ్రవరి 3

వణుకుడు గొట్టం శాశ్వతంగా బిగించేశారు. అద్దం మిషను వెనక్కి పంపారు. నా గొట్టాన్ని దూది చుట్టి స్టోర్లో పెట్టి తాళం వేశారు. నన్ను డబ్బాల కడుగుడు దగ్గరికి వేశారు. ఏప్రిల్ తర్వాత పొడిగింపు ఉండదని గుమస్తా చెప్పాడు. చెప్తూ నా మొహం చూడలేదు.

ఫిబ్రవరి 8

డబ్బాలు.

పల్చటి రసం ఆర్డరట. నలభై అయిదు చాలు. పాన్ సగానికి పైనే ఉండగా దించేస్తారు. అంకె సరిగ్గానే పడుతుంది. ఆ అమ్మాయి కనిపిస్తే చెయ్యి ఊపింది. ఇక ఏ బాధా లేదు బాబాయ్ అంది.

అంతా బాగానే ఉంది. నేనే ఏదేదో ఊహించుకున్నాను. మిషనన్నాక వాళ్లు ఏదో ఒక ఏర్పాటు చేసే ఉంటారు.

ఫిబ్రవరి 13

చిక్కటి ఆర్డరు వచ్చిందట. సోమవారం నుంచి అరవై అయిదు.

చెప్పాలి.

ఫిబ్రవరి 14

ఆ అమ్మాయి సెలవులో ఉంది.

ఫిబ్రవరి 15

ఆదివారం. ఈ వారం సెలవిచ్చారు. ఇంట్లో ఫ్యాను రెక్కలు తుడిచాను. కుర్చీ కాలు సరిచేశాను. ఆవిడ రెండుసార్లు నావైపు చూసింది.

ఫిబ్రవరి 16

పొద్దున ల్యాబ్ మెట్ల దాకా వెళ్లాను. పైన ఆమె ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. కాసేపు నిలబడి వచ్చేశాను.

మధ్యాహ్నం మూడున్నరకి వాసన వచ్చింది. డబ్బాల దగ్గరికే వచ్చింది. చక్కెర మాడిన వాసన. తీయగా మొదలై చేదుగా ముక్కు పట్టేస్తుంది. పరిగెత్తాను. నేను పరిగెత్తి ఎన్నాళ్లయిందో.

గుండు ఆవిరి కట్టేసి, తల పట్టుకుని నిలబడ్డాడు. "మరిగేకొద్దీ అంకె తగ్గుతోంది బావా! యాభై తొమ్మిది, యాభై ఎనిమిది, యాభై ఆరు. ఇంకా కాలేదు, ఇంకా కానీ అన్నారు పైనుంచి. నేనేం చేసేది?"

పాన్ కిటికీలోంచి చూశాను. నల్లగా, కదలకుండా ఉంది. పంపు ఆపినా ఈల ఇంకా చెవిలోనే ఉంది.

ఆ అమ్మాయి వచ్చి బోర్డు వైపు, పాన్ వైపు మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. కాగితాలు తెచ్చి, అక్కడే నేల మీద కూర్చుని, మొదటి రోజు నుంచీ ఒక్కో అంకె వేలు పెట్టి చదువుకుంది. నా సంతకం మీద కూడా వేలు ఆగింది.

ఫిబ్రవరి 17

పాన్ గోకుతున్నారు. లోపలికి ఇద్దరేసి దిగుతున్నారు. గుండు అరచేతులు బొబ్బలెక్కాయి.

ఫిబ్రవరి 19

ఆ అమ్మాయిని వెళ్లిపొమ్మన్నారు.

గేటు దగ్గర తన సంచీ తనే పట్టుకుని నిలబడింది. వాచ్‌మన్ సంచీ తెరిచి చూడాలి, అది రూలు. అతను చూడకుండానే మూసేశాడు.

నన్ను చూసి వచ్చింది. "ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు బాబాయ్. మన కాగితంలో అన్నీ కలిశాయి కదా" అంది.

మన కాగితం.

"పాపం, నావల్ల మీ సంతకానిక్కూడా మాటొచ్చింది. ఏమనుకోకండి."

నోరు తెరిచాను. అప్పుడే బస్సొచ్చింది. కాదు, బస్సు అప్పుడే రాలేదు. ఇంకో ఐదు నిమిషాలకి వచ్చింది. ఆ ఐదు నిమిషాలూ ఇద్దరం రోడ్డు చూస్తూ నిలబడ్డాం.

ఫిబ్రవరి 20

నన్ను మళ్లీ పాన్ దగ్గరికి వేశారు. స్టోరు తాళం తీసి గొట్టం ఇచ్చారు. మేనేజరు అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేశారు. "వెయ్యి మిషన్లు వచ్చినా పెద్దాయన చెయ్యి వేరు. ఇంకో రెండేళ్లు కదలనివ్వం" అన్నారు.

చప్పట్లు కొట్టారు. గుండు కొట్టలేదు. చేతికి కట్లున్నాయి.

ఫిబ్రవరి 22

గుండు ఇవాళ నన్ను బావా అనలేదు.

టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని తాగుతూ అన్నాడు. "ఇన్నేళ్లు పక్కపక్కన నిలబడ్డాం. చివర్లో రసం తెల్లగా రావడం నేను చూళ్లేదా? ఎందుకొస్తుందో నాకు తెలీదు. ముసలోడు పావుగంట ఆగుతాడు, అదే పోతుంది అనుకునేవాణ్ణి. నీకు తెలుసు. తెలుసా లేదా?"

"నోరు రాలేదు" అన్నాను.

"నోరు రాలేదా!" గ్లాసు కింద పెట్టాడు. "నా పెళ్లిలో కూడా నీకు నోరు రాలేదు, నవ్వుకున్నాం. మా అమ్మ పోయినప్పుడు వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నావు, ఒక్క మాటన్లేదు, అదే బాగుందనుకున్నాను. ఇది అలాంటిది కాదు. చేతికి మందు రాసుకుంటుంటే రాత్రంతా ఒకటే ఆలోచన. వీడికి నోరు లేకనా, మనసు లేకనా అని."

లేచి వెళ్లిపోయాడు. మందు వాసన అక్కడే ఉంది.

ఫిబ్రవరి 23

చోటు ఉంది. కాగితం మార్జిన్లో బోలెడంత చోటు ఉంది. పెన్ను జేబులోనే ఉంది. ఆ రోజు షిఫ్టు అవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఆ అంకె చూడగానే నాకు సంతోషం వేసింది. అదీ సంగతి. యాభై ఏడు అని ఎర్రగా కనపడగానే కడుపులో చల్లగా అయింది. మిషను తనంతట తనే పరువు పోగొట్టుకుంటుంది, మళ్లీ నన్ను పిలుస్తారు అనుకున్నాను. పిలిచారు.

ఆ అమ్మాయి సంగతి అనుకోలేదు. అనుకోలేదా? సగం అనుకున్నాను. అనుకుని పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 24

ఆవిడతో చెప్పాను. మొత్తం.

నిమిషానికి ముప్పై మాటలు లేకపోతే ఊపిరాడని మనిషి. నేను చెప్పాక చాలాసేపు ఏమీ అనలేదు. బట్టలు మడత పెట్టింది. మడత పెట్టినవే మళ్లీ విప్పి మడత పెట్టింది.

"పెళ్లయిన కొత్తలో అందరూ అనేవాళ్లు, నీ మొగుడు నోట్లో నాలుక లేనివాడు, ఎవరికీ అపకారం చేయడు అని. నేనూ అదే చెప్పుకుని తిరిగాను" అంది చివరికి.

తల దించుకున్నాను.

"నాతో చెప్తే ఏం లాభం? నేనేం ఉద్యోగం పోగొట్టుకున్నానా? ఆ పిల్లతో చెప్పండి."

"ఏమని?"

"నాకు చెప్పారుగా. అదే."

ఫిబ్రవరి 25

వెళ్లాను. బస్టాండు వెనక సందు, మేడ మీద గది. మెట్లు ఇనపవి. ఒక్కో మెట్టుకీ చప్పుడు. మధ్యలో ఆగితే ఆగినట్టు కూడా తెలిసిపోతుంది.

తలుపు తీసి మొహం విప్పారింది. "బాబాయ్! రండి రండి" అని కుర్చీ మీది పుస్తకాలు తీసింది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేను. ఆ సాయంత్రం తీసిన అంకె, గాలి, ఈల, కాగితంలో రాయకపోవడం. ఎందుకు రాయలేదో కూడా చెప్పాను. సంతోషం వేసిందని కూడా.

ఆమె పుస్తకాలు చేతిలోనే పట్టుకుని ఉంది.

"ఎందుకు ఆగుతున్నారని అడిగాను."

"అడిగావు."

"అలవాటు అన్నారు."

"అన్నాను."

"క్యాంటీన్లో తప్పంటారా అని అడిగాను."

"అడిగావు తల్లీ."

"తల్లీ అనకండి."

కింద బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆమె కిటికీ మూసింది.

"రెండోసారి అడగాల్సింది" అంది, నాతో కాదు. "పెద్దవాళ్లు, గుచ్చి గుచ్చి అడిగితే బాగోదనుకున్నాను. ల్యాబ్‌లో మొదట నేర్పేదే అది, ఎందుకు అని రెండోసారి అడగమని. నాది కూడా తప్పే."

అంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది.

"నాకొచ్చి చెప్పి మీరు తేలికపడ్డారు. ఇది నేనెవరికి చూపించుకోను? వేరే ఫ్యాక్టరీలో అడుగుతారు, అక్కడ ఎందుకు మానేశావని. పాన్ మాడ్చానని చెప్పాలి. వెళ్లి మేనేజర్ గారికి చెప్పండి. నాకు చెప్పినట్టే చెప్పండి."

సరే అన్నాను. మెట్ల చప్పుడు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ.

ఫిబ్రవరి 27

మేనేజరుకి చెప్పాను. తలుపు వేసుకున్నారు.

"ఇది బయటికి రానివ్వకండి పెద్దాయనా. ఆ అమ్మాయిని తీసేశామని పైకి రాసేశాం. ఇప్పుడు మా పెద్దాయన దాచాడు అని రాయమంటారా? నాకే తలవంపు."

"రాయండి" అన్నాను.

ఆయన వింతగా చూశారు. నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

"ఆమెను మళ్లీ పిలవండి" అన్నాను.

"అది కుదరదు."

"మిషను మంచిదే. పెట్టిన చోటు మంచిది కాదు. పంపుకి ముందు, పాన్ కింద వంపులో పెట్టండి. అక్కడ గాలి ఉండదు. పంపు మెడలో ప్యాకింగు మార్చండి. అది అరిగి గాలి లాగబట్టి ఏళ్లయింది. నేను పావుగంట ఆగుతున్నాను కాబట్టి ఎవరికీ పట్టలేదు."

ఒక్క ఊపున అన్నాను. చెమట పట్టింది. ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. రాసుకుంటూ, "మిషను పనిచేస్తే మిమ్మల్ని ఉంచడం కష్టం, తెలుసుగా" అన్నారు.

తెలుసన్నాను.

మార్చి 3

మిషను కిందికి మార్చారు. ప్యాకింగు వేశారు. చిక్కటి పాన్ మరిగించారు. చివరిదాకా చూశాం. బోర్డు అరవై అయిదు, నా గొట్టం అరవై అయిదు. ఈల లేదు. కుళాయి తిప్పితే రసం అడుగు దాకా నిగనిగలాడుతూనే వచ్చింది.

గుండు బోర్డు వైపు చూస్తూ, "చలిజ్వరం తగ్గింది" అన్నాడు. నాతో అన్నాడో మిషనుతో అన్నాడో.

మేనేజరు ఫోనులో ఎవరికో చెప్తున్నారు, లోపం మేమే పట్టుకున్నాం సార్ అని. ఆ అమ్మాయి పేరు రాలేదు. ఆమె స్థానంలో వేరే ఎవరో వస్తారట.

నాకు ఈ నెలాఖరు దాకా అన్నారు.

మార్చి 5

పొద్దున్నే కూర్చుని కాగితం రాశాను. నాలుగు సార్లు చింపాను. చివరికి ఇలా కుదిరింది.

జనవరి 21 సాయంత్రం పాన్ చివర వణుకుడు గొట్టం మిషను యాభై ఏడు చూపించింది. అద్దం మిషనూ, నా కొలతా అరవై మూడు. ఈ సంగతి తెలిసీ కాగితంలో రాయలేదు, ల్యాబ్ అమ్మాయికి చెప్పలేదు. కావాలనే. పాన్ మాడటంలో ఆమె తప్పు లేదు. మిషను చోటు మార్చాక సరిగ్గా పనిచేస్తోంది.

కింద సంతకం, పూర్తి పేరు, చిరునామా. ఆవిడ నా భుజం మీదుగా చూస్తూ, చదవమంది. చదివాను. కావాలనే అన్న చోట ఇంకోసారి చదవమంది. చదివాను. పెట్టె తెరిచి, ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది.

ఆ అమ్మాయి గదిలో సామాను కట్టేసి ఉంది. సాయంత్రం బండికి వెళ్తోందట, పాలు చిక్కబరిచే ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకి. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే కాగితం తీసుకుని చదివింది.

"దీనివల్ల నా ఉద్యోగం రాదు" అంది.

"రాదు. అడిగాను. కుదరదన్నారు."

"మీది?"

"నెలాఖరు దాకా."

మళ్లీ చదివింది. కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ వేడి రాయలేదు" అంది. "ఏ వేడి దగ్గర కొలిచారో లేకపోతే ఈ అంకెకి విలువ లేదు. ఎవరైనా అదే అడుగుతారు."

"అరవై ఎనిమిది" అన్నాను.

"గుర్తుందా?"

"ఉంది."

పెన్ను ఇచ్చింది. గోడకి ఆనించి రాశాను. కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. తలుపు వేస్తుందనుకుని పక్కకి జరిగాను.

వేయలేదు. గుమ్మంలోనే నిలబడి, కట్టిన సంచీలోంచి నోటుబుక్కు లాగింది.

"ఇంకా ఏమేం ఉన్నాయి, ఇలా చెప్పకుండా ఉంచినవి? పాలకైనా పంపులే, పాన్లే. నేను మళ్లీ ఎక్కడా ఇలా నిలబడదలచుకోలేదు. చెప్పండి."

గొంతులో దయ లేదు. అడుగుతోంది, అంతే.

మెట్టు మీద కూర్చున్నాను. ఆమె గుమ్మంలో కూర్చుంది. చెప్పాను. ఎండాకాలం జాడీని ముందు వేడినీళ్లతో తడపకపోతే అంకె ఎలా తప్పుతుందో చెప్పాను. గొట్టం మెడకి జిడ్డు అంటితే ఎంత మునుగుతుందో, పిప్పి ఎక్కువున్న పండు వస్తే దేన్ని నమ్మకూడదో, పాన్ గోడ చెయ్యి పెట్టి చూస్తే ఏం తెలుస్తుందో, ఆవిరి తగ్గించాక ఎంతసేపు ఆగాలో చెప్పాను. అర్థం కాని చోట ఎందుకు అంది. మళ్లీ ఎందుకు అంది. రెండోసారి అడిగినప్పుడల్లా ఇంకొంచెం బయటికి వచ్చింది. కొన్ని నాకే అప్పటిదాకా అంత స్పష్టంగా తెలియవు.

ఇంత మాట్లాడటం నా జన్మలో ఇదే.

ఆమె రాసుకుంటూనే ఉంది. పేజీ తిప్పింది. మళ్లీ తిప్పింది. మూడో పేజీ సగంలో ఆగి, పెన్ను పట్టుకుని నావైపు చూసింది.

"ఇంకా?"

ఆలోచించాను. ఇంకా చాలా ఉంటుందనుకున్నాను. ముప్పై ఏళ్లు ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది, నాలుగేళ్లుగా నన్ను అక్కడ నిలబెట్టింది, ఆ పిల్లను గేటు బయట నిలబెట్టింది. రెండున్నర పేజీలకి అయిపోయింది. గంట కూడా పట్టలేదు.

"ఇంకేం లేదు" అన్నాను.